డిజిటల్ అరెస్ట్ ఫోన్ వచ్చింది, డబ్బు పోలేదు. ఇప్పుడు నాన్నగారి ఫోన్ తీసేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు బెంగళూరులో, అమ్మానాన్నలు తెనాలిలో. నాన్నగారు రిటైర్డ్ టీచరు. పోయిన వారం ఆయనకు "ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నుంచి మాట్లాడుతున్నాం, మీ ఆధార్ మీద ముంబైలో ఎవరో సిమ్ తీసుకున్నారు, మీ మీద కేసుంది" అని ఫోన్ వచ్చింది. కాసేపటికి వాట్సాప్ వీడియోలో యూనిఫాం మనిషి ప్రత్యక్షమై, రెండు గంటలపాటు ఆయన్ని గది దాటనివ్వలేదు. దీన్నే డిజిటల్ అరెస్ట్ అంటున్నారు. అమ్మగారికి అనుమానం వచ్చి మీకు ఫోన్ చేయబట్టి డబ్బు పోలేదు గానీ, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పేశారు. ఇకముందు ఇలాంటివి ఆయన ఎలా గుర్తుపట్టాలి, ఫోన్‌పే తీసేసి బటన్ ఫోన్ ఇచ్చేస్తే మంచిదా అని అడిగారు.

ఫోన్ తీసేయకండి. బటన్ ఫోన్‌కి కూడా ఇలాంటి కాల్స్ వస్తాయి, ఆయన బ్యాంకుకు నడిచివెళ్లి మరీ డబ్బు పంపగలరు. నేనైతే ఆయనకు రెండే విషయాలు నేర్పిస్తాను. ఒకటి, "ఫోన్ పెట్టొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు" అన్నవాడు ఎవరైనా సరే, ఆ మాటతోనే దొంగ అని తేలిపోయినట్టు. రెండు, డబ్బు ఎవరి పేరున్న ఖాతాలోకి వెళ్తోందో చూడకుండా పంపకూడదు. దీనికి తోడు ఖాతాల్లో కొన్ని మార్పులు మీరు చేసిపెట్టాలి. అవి కింద రాస్తాను.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం బ్రాంచీల్లో, చివర్లో కస్టమర్ల ఫిర్యాదులు చూసే సెక్షన్‌లో ఉన్నాను. ఇప్పటికీ మా వీధిలో ఎవరికి ఇలాంటిది జరిగినా పాస్‌బుక్ పట్టుకుని మా ఇంటికే వస్తారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

చాలామంది పిల్లలు తల్లిదండ్రులకు కథలు నేర్పిస్తారు. "పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయని ఫోన్ వస్తే నమ్మొద్దు", "కేవైసీ అంటే నమ్మొద్దు" అని. ఆ కథ నేర్చుకునేలోపు వాళ్లు దాన్ని మార్చేస్తారు. రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు కట్ చేస్తామన్నారు. తర్వాత పార్శిల్ వచ్చింది, తర్వాత ట్రాయ్ వచ్చింది, ఆ తర్వాత చలానా. పెన్షనర్లకైతే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజుల్లో "మీది అప్‌డేట్ కాలేదు, పెన్షన్ ఆగిపోతుంది" అంటారు. రిటైరైన తేదీ, పీపీఓ (పెన్షన్ ఆర్డర్) నంబరు కూడా చెబుతారు కాబట్టి మనవాళ్లు నమ్మేస్తారు. మన వివరాలు బయట ఎక్కడెక్కడో తిరుగుతున్నాయి. వివరాలు సరిగ్గా చెప్పినంత మాత్రాన ఫోన్ చేసినవాడు ఆఫీసరు కాడని నాన్నగారికి ముందే చెప్పండి. ట్రూకాలర్‌లో "సైబర్ క్రైమ్ పోలీస్" అని పేరు కనపడటం కూడా రుజువు కాదు. అక్కడ ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు.

ఇక పోలీసుల సంగతి. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధాని తన మన్ కీ బాత్‌లో కూడా ఈ మాటే చెప్పారు. పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని 35వ సెక్షన్ కింద పోలీసులు ఎవరినైనా విచారణకు పిలవాలంటే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. నోటీసే చెల్లనప్పుడు వీడియో కాల్‌లో అరెస్టు, వీడియో కాల్‌లో బెయిలు ఎక్కడివి? టీచరుగా పనిచేసినవారికి "నమ్మొద్దు నాన్నా" అనడం కన్నా ఈ సెక్షన్ గురించి చెబితే బాగా ఎక్కుతుంది. రూలేమిటో తెలిస్తే ఆయనే ఎదురు ప్రశ్న వేస్తారు.

ఒకమాట. మీ నాన్నగారు అమాయకులు కాబట్టి పడ్డారనుకోకండి. లూధియానాలో వర్ధమాన్ గ్రూపు చైర్మన్ ఎస్‌పీ ఓస్వాల్‌ను 2024లో ఇలాగే బెదిరించి 7 కోట్లు రాబట్టారు. ఆన్‌లైన్‌లో నకిలీ సుప్రీంకోర్టు విచారణ నడిపి, చీఫ్ జస్టిస్ వేషం కూడా వేశారు. వేల మందికి జీతాలిచ్చే మనిషి ఆయన. వెంటనే ఫిర్యాదు చేయడంతో అందులో 5 కోట్లకు పైగా వెనక్కి వచ్చింది. ఈ మోసానికి ఎక్కువగా చిక్కేది జీవితంలో ఒక్కసారి కూడా స్టేషన్ మెట్లెక్కనివాళ్లు, పరువంటే ప్రాణం పెట్టేవాళ్లు. నేను చూసినవాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, బ్యాంకులో నాతో పనిచేసినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఆయన్ని తిట్టకండి, నలుగురిలో ఈ కథ చెప్పి నవ్వకండి. ఈసారి మీరు నవ్వితే, వచ్చేసారి ఆయన మీకు చెప్పరు. అమ్మగారినీ చెప్పనివ్వరు.

ఈ "చెప్పొద్దు" అనేది ఎలా పనిచేస్తుందో నేను కౌంటరు దగ్గర చూశాను. ఒక పెద్దావిడ, రిటైర్డ్ నర్సు, రెండు ఎఫ్‌డీ రసీదులు తెచ్చి రెండూ క్లోజ్ చేసి ఆ డబ్బు ఆర్‌టీజీఎస్‌లో వేరే ఖాతాకు పంపమన్నారు. ఫారంలో కారణం "ఫ్లాట్ కొనుగోలు" అని రాసుంది. మా క్లర్కు అమ్మాయి "ఏ ఏరియాలోనండీ?" అని మామూలుగా అడిగింది. ఆవిడ సమాధానం చెప్పకుండా చేతిలో ఉన్న ఫోన్ వైపు చూశారు. ఫోన్ బోర్లా పెట్టి ఉంది, అంచున వెలుగు కనిపిస్తోంది. కాల్ నడుస్తూనే ఉందన్నమాట. డబ్బు వెళ్లాల్సిన ఖాతా చూస్తే వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు బ్యాంకులో, ఏదో ట్రేడర్స్ పేరు మీద ఉంది. రాసిందేమో ఫ్లాటని, డబ్బేమో ఏదో వ్యాపారానికి వెళ్తున్నట్టుంది. నేను డిపాజిట్ స్లిప్పు వెనక "ఫోన్ ఇక్కడే వదిలేసి నా క్యాబిన్‌లోకి రండి" అని రాసి చూపించాను. ఆవిడ వచ్చారు గానీ, పది నిమిషాలదాకా "మీకు తెలియదు సార్, మా అబ్బాయి వీసా క్యాన్సిల్ చేస్తారట" అంటూనే ఉన్నారు. కొడుక్కు ఫోన్ కలిపి, ఆయన గొంతు విన్నాకే కుర్చీలో వెనక్కి వాలారు.

ఆ పెద్దావిడకు తెలివి తక్కువై కాదు. రెండు రోజులుగా ఆవిడ చెవిలో ఒకే గొంతు మోగుతోంది. ఇంకో గొంతు వినిపించనివ్వకపోవడమే వాళ్ల పనితనమంతా. అందుకే మీ నాన్నగారితో ఒక వాక్యం ప్రాక్టీసు చేయించండి, నవ్వులాటగానైనా సరే: "మా అబ్బాయితో మాట్లాడి నేనే మీకు ఫోన్ చేస్తాను." ఇది చెప్పి పెట్టేయాలి. నిజమైన ఆఫీసరైతే ఏమీ అనడు. దొంగైతే అరుస్తాడు, "అయితే అరెస్టు వారెంట్ ఇప్పుడే పంపుతా" అంటాడు. ఆ అరుపుతోనే సంగతి తెలిసిపోతుంది. అవతల ఎవడో పోలీసు వేషంలో కూర్చుంటే, ఇవతల మీరు టీచరు వేషంలో మర్యాదగా సమాధానం చెప్పాల్సిన అవసరం లేదని కూడా చెప్పండి. మన పెద్దవాళ్లకు ఫోన్ మధ్యలో పెట్టేయడం మర్యాద కాదని ఒక పట్టింపు ఉంటుంది. వాళ్లు ఆడుకునేది దాంతోనే.

రెండో విషయం ఖాతా పేరు. నా అనుభవంలో ఇంతకన్నా నికరమైన గుర్తు ఇంకోటి లేదు. కథ ఎంత పకడ్బందీగా అల్లినా డబ్బు చివరికి ఏదో ఒక ఖాతాలో పడాలి కదా. వాళ్లకు రిజర్వ్ బ్యాంకు పేరు మీద ఖాతా దొరకదు. అద్దె ఖాతాలే దిక్కు. ఎవరో కాలేజీ కుర్రాడిదో, మూతపడ్డ చిన్న కంపెనీ కరెంటు ఖాతాదో. "ఆర్‌బీఐ వెరిఫికేషన్ కోసం పంపండి, గంటలో తిరిగొస్తుంది" అంటారు, తీరా పేరు చూస్తే ఎంటర్‌ప్రైజెస్ అనో ట్రేడర్స్ అనో ఉంటుంది. అడిగితే "సీక్రెట్ సూపర్‌విజన్ అకౌంట్" అని ఏదో చెబుతారు. ఏ ప్రభుత్వ సంస్థా వెరిఫికేషన్ కోసం డబ్బు వేయించుకోదు. యూపీఐలో పిన్ కొట్టేముందు పేరు కనపడుతుంది. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్‌లలోనూ డబ్బు పంపేముందు ఖాతాదారు పేరు చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకులు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ పేరు చదవడం అలవాటు చేయించండి.

ఇదే గుర్తు ట్రేడింగ్ మోసాలకూ పనికొస్తుంది. మీ నాన్నగారికి కాదు, మీకూ మీ స్నేహితులకూ చెబుతున్నాను. పెద్ద మొత్తాలు పోయేది ఎక్కువగా ఇక్కడే, పోగొట్టుకునేది ముసలివాళ్లేమీ కాదు. వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు, "నిన్న ఇంత లాభం" అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లంతా వాళ్ల మనుషులే. మొదట పది వేలు పెడితే పన్నెండు వేలు నిజంగానే మీ ఖాతాలో వేస్తారు. దాంతో నమ్మకం కుదిరి లక్షల్లోకి వెళ్తారు. యాప్‌లో కోటి కనిపిస్తుంది. తీసుకోబోతే "ముందు ట్యాక్స్ కట్టండి" అంటారు. నిజమైన బ్రోకరు డబ్బు తన కంపెనీ పేరున్న ఖాతాలోనే తీసుకుంటాడు, ప్రతిసారీ కొత్త ఖాతా నంబరు ఇవ్వడు. సెబీ దగ్గర రిజిస్టరైన బ్రోకర్లకు 2025 అక్టోబరు నుంచి యూపీఐ ఐడీలో "వాలిడ్" అనే మాట ఉండే ప్రత్యేక హ్యాండిల్స్ వచ్చాయి. అది కూడా చూసుకోండి.

యూపీఐ గురించి ఒక్కటే చెప్పాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు. పాత సోఫా అమ్ముతానని పెట్టినప్పుడు "అడ్వాన్స్ పంపుతున్నా, స్కాన్ చేయండి" అనేవాడు మీ డబ్బు లాగడానికే అంటున్నాడు. ఇంకో రకం, "పొరపాటున మీ నంబరుకు ఇరవై వేలు పంపాను, తిరిగి పంపండి" అని ఏడుస్తూ ఫోన్ చేస్తారు. ఎస్ఎంఎస్‌ను నమ్మకుండా బ్యాలెన్సు చూసుకోవాలి. చాలాసార్లు డబ్బు వచ్చే ఉండదు. నిజంగా వచ్చినా వాళ్లు చెప్పిన నంబరుకు పంపకండి. బ్రాంచికి వెళ్లి వచ్చినచోటికే వెనక్కి పంపమని రాసివ్వండి. ఆ ఇరవై వేలు ఇంకెవరి దగ్గరో కొట్టేసినవైతే రేపు మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది. దాన్ని విడిపించుకోవడానికి వేరే రాష్ట్రం పోలీసులతో నెలల తరబడి ఉత్తరాలు నడపాల్సి వస్తుంది.

ఏపీకే ఫైళ్లంటే (నొక్కితే ఫోన్‌లో యాప్ వేసే ఫైళ్లు) నాకు డిజిటల్ అరెస్ట్ కన్నా ఎక్కువ భయం, ఎందుకంటే ఇందులో మాట్లాడేవాడే ఉండడు. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, పెళ్లి శుభలేఖ, బ్యాంకు రివార్డు, ఏ పేరైనా ఉండొచ్చు. మా వీధిలో ఎరువుల షాపు ఆయనకు అలాంటిది సొంత బావమరిది నంబరు నుంచి వచ్చింది. బావమరిది వాట్సాప్ అప్పటికే వాళ్ల చేతిలో ఉంది. ఈయన నొక్కారు, అది ఎస్ఎంఎస్ చదవడానికి పర్మిషన్ అడిగింది, ఓకే అన్నారు. ఐకాన్ మాయమైంది. పనిచేయలేదులే అనుకుని పడుకున్నారు. తెల్లారేసరికి ఓటీపీలు వాటంతటవే అవతలివాళ్లకు వెళ్లిపోయి ఖాతా ఖాళీ. ఓటీపీ ఎవరికీ చెప్పలేదని ఆయన ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు, అది నిజమే. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. ప్లేస్టోర్ బయటి యాప్స్ వేసే అనుమతిని సెట్టింగ్స్‌లో మీరే ఆపేసి రండి. పొరపాటున ఎవరైనా వేసుకుంటే వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఫోన్‌లో ఏముందో వెతకడం ఆ తర్వాత.

కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతక్కూడదు, కార్డు వెనక ఉన్నదే వాడాలి. ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయమన్నారంటే ఇక మాట్లాడేదేమీ లేదు.

1600తో మొదలయ్యే నంబర్ల గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. బ్యాంకులు తమ కస్టమర్లకు చేసే సర్వీసు కాల్స్ ఆ సిరీస్ నుంచి, ప్రచారం కాల్స్ 140 సిరీస్ నుంచి రావాలన్నది నిబంధన. మామూలు పది అంకెల మొబైల్ నుంచి "బ్యాంకు మేనేజర్ని" అంటే అనుమానించండి. అలాగని 1600 నుంచి వచ్చిందని ఓటీపీ చెప్పేయకండి. ఏ సిరీస్ వాడికీ ఓటీపీ అక్కర్లేదు.

ఇప్పుడు ఖాతాల సంగతి. తెనాలి వెళ్లినప్పుడు ఒక పూట కేటాయిస్తే అయిపోతుంది. పెన్షన్ వచ్చే ఖాతాకు ఫోన్‌పే ఉండనివ్వండి, కానీ అందులో నెల ఖర్చుకు మించి ఉంచొద్దు. మిగతాది నెట్ బ్యాంకింగ్, యూపీఐ లేని వేరే ఖాతాలోకి మార్చండి. కూరగాయలకు, మందులకు పిన్ లేకుండా చిన్న మొత్తాలు పంపే యూపీఐ లైట్ చాలు. అందులో ఉండేదే గరిష్ఠంగా 5,000, ఒక్కసారికి 1,000 వరకే వెళ్తుంది. ఎఫ్‌డీలను అమ్మగారితో జాయింట్‌గా, మధ్యలో తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలనే పద్ధతిలో పెట్టించండి. ఆ ఒక్క సంతకం కోసం ఆయన గదిలోంచి బయటకు రావాలి, అమ్మగారికి కారణం చెప్పాలి. అక్కడే మోసం సగం తెగిపోతుంది. నెట్ బ్యాంకింగ్‌లో ఎఫ్‌డీ క్లోజ్ చేసే వీలుంటే బ్రాంచిలో రాసిచ్చి దాన్ని ఆపించండి, బ్యాంకును బట్టి పద్ధతి మారుతుంది. ఈమెయిల్ అలర్టులు మీ ఐడీకి పెట్టించండి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి, వేలిముద్రతో డబ్బు తీసే మోసాలు మన రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. రేషన్ వేలిముద్రతో తీసుకునే ఇల్లయితే అవసరమైనప్పుడు అన్‌లాక్ చేయడం అమ్మగారికి నేర్పాలి, లేదంటే డిపో దగ్గర ఇబ్బంది పడతారు.

ఇవన్నీ ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన చేతే చేయించండి. మీరు చెప్పకుండా లిమిట్లు తగ్గించేస్తే ఆయన మనసు కష్టపెట్టుకుంటారు, తర్వాత బ్రాంచికి వెళ్లి మళ్లీ పెంచుకొస్తారు. నేను చూశాను.

ఎప్పుడైనా డబ్బు పోతే ముందు 1930కి ఫోన్ చేయండి, బ్రాంచి తెరిచేదాకా ఆగొద్దు. పోయిన డబ్బు ఒక ఖాతాలో ఉండదు, నిమిషాల్లో పది ఖాతాలకు చీలిపోతుంది. ఏటీఎంలో తీసేలోపు దాన్ని పట్టుకుంటేనే ఖాతాలో ఆగి హోల్డ్‌లో పడుతుంది. ఫోన్ చేసేటప్పుడు ఖాతా నంబరు, మొత్తం, సమయం, యూటీఆర్ (లావాదేవీ) నంబరు దగ్గర పెట్టుకోండి. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు చేసి అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు దాచుకోవాలి. బ్యాంకుకూ రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు మీద స్టాంపు వేయించుకోవాలి. హోల్డ్‌లో పడిన డబ్బు మామూలుగా కోర్టు ఉత్తర్వుతో వెనక్కి వస్తుంది. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా బాధితులకు ఇప్పించారు.

బ్యాంకు నుంచి ఎంత ఆశించవచ్చో కూడా తెలిసుండాలి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6 సర్క్యులర్ ప్రకారం, మీ తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో చెబితే నష్టం మీది కాదు. అయితే ఓటీపీ మీరే చెప్పినా, మీరే ఫారం నింపి పంపినా ఆ రక్షణ దాదాపు ఉండదు. అలాంటప్పుడు బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మీ నష్టమే. అందుకే డిజిటల్ అరెస్ట్‌లో పోయిన డబ్బుకు 1930 ఒక్కటే గట్టి దారి. "పోయిన డబ్బు ఇప్పిస్తాం, పది శాతం ఫీజు" అంటూ కొన్ని రోజులకు ఇంకో ఫోన్ వస్తుంది. చాలాసార్లు అదీ ఆ ముఠానే.

మీరు కంగారుపడుతున్న చివరి విషయం, ఆధార్ నంబరు చెప్పేశారని. ఆ నంబరు ఒక్కటే ఉంటే ఖాతాలో డబ్బు తీయలేరు, కాబట్టి టెన్షన్ వద్దు. టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోకి వెళ్లి ఆయన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి, తెలియనిది ఉంటే అక్కడే రిపోర్టు చేయొచ్చు. వచ్చిన నంబరును అదే పోర్టల్‌లో చక్షు అనే విభాగం కింద ఫిర్యాదు చేయండి. ఆ రెండు గంటల్లో ఆయన చేత ఏదైనా యాప్ వేయించారా, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ కింద కొత్తది ఉందా, కాల్ ఫార్వర్డింగ్ ఆన్ అయి ఉందా అని ఆయన ఫోన్ తీసుకుని మీరే చూడాలి, ఫోన్లో అడిగితే "ఏమీ లేదు" అనే అంటారు. ఆయన ఖాతా ఏ బ్యాంకులో ఉందో రాయండి, ఎఫ్‌డీ క్లోజింగ్ ఆపించడానికి ఏ ఫారం ఇవ్వాలో కనుక్కుని చెబుతాను. బ్యాంకు పేరు చాలు, ఖాతా నంబరు నాకు కూడా పంపకండి.